స్టీరింగ్ చక్రంలో మొండి బోల్టు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో, తార్నాకకు ఎంతో దూరం కాకుండా, బౌద్ధనగర్ అనే పేట ఉన్నది. ఆ పేట సందులలో కార్లు బాగుచేసే షెడ్లు కొన్ని కలవు. మా విద్యార్థులలో కొందరు ఉదయం తరగతులు ముగించుకొని, మధ్యాహ్నం నుండి చీకటి పడేవరకు అటువంటి షెడ్లలో పని నేర్చుకొంటున్నారన్న సంగతి అధ్యాపకులమైన మాకు తెలిసినదే. కాని వారి చేతులలో ఎటువంటి వస్తువులు పడుతున్నవో మేము ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించవలసిన సందర్భం ఒకటి మా పాత కారు మూలంగా కలిగింది.

ఒకనాడు ఆ కారు హారన్ మూగబోయింది. దానితోపాటు మీటర్ల పలకలో ఒక ఎర్ర దీపం వెలిగి, ఆరక నిలిచిపోయింది. కూర్చున్న మనిషి బొమ్మ, అతని ఎదుట ఒక గుండ్రని బంతి, ఇదీ ఆ దీపం గుర్తు. కారును బౌద్ధనగర్‌లోని ఒక షెడ్డుకు తీసుకొనిపోగా ఎదురైనవాడు మా కళాశాలలోనే డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న అబ్బాయి. "అరగంట పని సార్, మీరు కూర్చోండి" అని స్టూలు వేసి, స్టీరింగ్ చక్రం వెనుకనుండి పానా దూర్చి పని మొదలుపెట్టాడు. మొదటి బోల్టు వదులయింది. రెండవది కదలలేదు. దాని తలలోని గుంటను ఇంతకు ముందెవరో పాడుచేసి ఉంచారు. బిట్టు పెట్టి త్రిప్పిన ప్రతిసారీ జారుతున్నది. రెండు మూడు ప్రయత్నాల తరువాత కుర్రవాడు విసిగి, ఉలి, సుత్తి చేతికి తీసుకొన్నాడు.

ప్రక్క కారు క్రింద పడుకొని పనిచేస్తున్న ఉస్తాదు ఆ చప్పుడు విని అక్కడినుండే కేక వేశాడు. "అరే, ఆగు! బ్యాటరీ తీసినవా?"

"లేదు ఉస్తాద్. బోల్టే కద, కరెంటుతో ఏం పని?"

ఉస్తాదు బయటకు వచ్చి, ఏమీ అనకుండా సుత్తి తీసి దూరంగా పెట్టాడు. బోల్టుకు, కరెంటుకు సంబంధమేమిటి అన్న ఆ అబ్బాయి ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. మాకూ ఆనాడు దానికి జవాబు తెలియదు. తరువాత ఉస్తాదును అడిగి కొంత, కంపెనీల సర్వీసు పుస్తకాలు చూచి కొంత, రసాయనశాస్త్ర శాఖలోని మిత్రులవద్ద కొంత తెలుసుకొని ఇక్కడ వివరిస్తున్నాము.

స్టీరింగ్ చక్రం నడుమ మనం హారన్ కోసం నొక్కే మెత్తని మూత వంటిది నిజానికి మూత కాదు. దాని వెనుక ఎయిర్‌బ్యాగ్ అనే సంచి మడతలు పెట్టి ఉంటుంది. సంచి అడుగున ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బీ, ఆ డబ్బీలో బిళ్ళలుగా అదిమిన రసాయనం, ఆ రసాయనానికి నిప్పంటించే చిన్న విద్యుత్ మూట ఉంటాయి. ఈ మూటను స్క్విబ్ అంటారు. ఎయిర్‌బ్యాగ్ అన్న పేరు కూడా సరియైనది కాదు. అందులో గాలి లేదు, గాలి నింపే పంపూ లేదు. రసాయనం మండి పుట్టే వాయువే ఆ సంచిని నింపుతుంది. తొలినాళ్ళలో ఈ పనికి సోడియం అజైడ్ వాడేవారు. అది విడిపోతే నైట్రోజన్ వస్తుంది. 130 గ్రాముల సోడియం అజైడ్ నుండి దాదాపు 70 లీటర్ల నైట్రోజన్ పుడుతుందని మా రసాయనశాస్త్ర మిత్రుడొకరు లెక్కకట్టి చూపారు. అది విషపదార్థం కావడంచేత తరువాతి కాలంలో గ్వానిడిన్ నైట్రేట్ వంటి ఇతర పదార్థాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. పదార్థమేదైనా, కారు గుద్దుకొన్న క్షణంనుండి సంచి నిండేవరకు పట్టే కాలం సెకనులో ఇరవై అయిదవ వంతుకు మించదు. కనురెప్ప ఒకసారి వాల్చి ఎత్తడానికి ఇంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మూతను చీల్చుకొని వచ్చే సంచి వేగం గంటకు 300 కిలోమీటర్ల వరకు ఉంటుందని చెబుతారు. అందుకే డ్రైవరు రొమ్ము ఎముకకు, స్టీరింగ్ నడిబొడ్డుకు మధ్య కనీసం 25 సెంటిమీటర్ల ఎడం ఉండవలెనని నిపుణుల సలహా. బోల్టు విప్పేవాని ముఖం ఆ మూతకు ఎంత దగ్గరగా ఉంటుందో చదువరులే ఊహించుకోవచ్చును.

ఈ ఆలోచన కొత్తది కాదు. జాన్ హెట్రిక్ అనే అమెరికా దేశస్థుడు 1953లోనే ఇటువంటి సంచికి పేటెంటు పొందాడు. అయితే గుద్దుకొన్న సంగతిని అంత త్వరగా కనిపెట్టే సాధనం ఆనాడు లేదు. 1970 దశకంలో అమెరికాలో కొద్ది కార్లకు, 1980 చివర జర్మనీలో మెర్సిడెస్ కంపెనీ పెద్ద కార్లకు ఇది అమరింది. మన దేశంలో తయారయ్యే కార్లన్నిటిలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయినది 2019 జూలై 1 నుండి. ప్రక్క సీటు వారికి 2021లో తప్పనిసరి చేశారు. ఈ తేదీలను ఊరకే చెప్పడం లేదు. కొత్త కారు కంపెనీ వారి వర్క్‌షాపుకు పోతుంది. గ్యారంటీ గడువు తీరి, యజమాని మారిన తరువాత అది సందులోని షెడ్డుకు వస్తుంది. పాత తరం ఉస్తాదులు నేర్చిన అంబాసిడర్, ఫియట్ కార్ల స్టీరింగ్‌లో హారన్ తీగ తప్ప మరేమీ ఉండేది కాదు. ఆ మూతను పేచ్‌కస్‌తో ఎత్తి తీసేవారు. ఆ అలవాటు చేతులలో ఉన్నది. కారు మాత్రం మారింది.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాం. ఎయిర్‌బ్యాగ్‌కు ఆజ్ఞ ఇచ్చేది సీట్ల నడుమ, నేలకు బిగించి ఉండే కంట్రోల్ యూనిట్ అనే పెట్టె. గుద్దుకొన్నప్పుడు బ్యాటరీ తీగ తెగిపోయినా పని ఆగకుండా ఉండేందుకు ఆ పెట్టెలో కెపాసిటర్లు అమర్చి, వాటిలో కొంత విద్యుత్తును నిల్వ చేస్తారు. స్క్విబ్ మండడానికి పెద్ద కరెంటు అక్కరలేదు. సుమారు 1.2 ఆంపియర్లు, సెకనులో అయిదు వందల వంతు కాలం ప్రవహిస్తే చాలును. కాబట్టి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడంతో పని అయిపోదు. కెపాసిటర్లలో నిల్వ ఉన్నది కరిగిపోయేవరకు ఆగవలె. 90 సెకన్లు చాలునని కొన్ని కంపెనీల పుస్తకాలు, మూడు నిమిషాలని కొన్ని, పది నిమిషాలని కొన్ని చెబుతాయి. ఆ కారు పుస్తకం దొరికితే అందులోని మాటే ప్రమాణం. దొరకనప్పుడు ఎక్కువ కాలం ఆగినందువల్ల పోయేదేమీ లేదు. రేడియో కోడు చెరిగిపోతుందని కొందరు బ్యాటరీ తీసేముందు మరొక చిన్న బ్యాటరీని తగిలించి ఉంచుతారు. ఈ పనికి అది పనికిరాదు. తీసివేసిన కరెంటును మరొక దారిన తిరిగి తెచ్చిపెట్టినట్లే అవుతుంది.

ఆనాడు ఉస్తాదు బ్యాటరీ తీగ విప్పి, దాని కొస పొరపాటున మళ్ళీ తగలకుండా గుడ్డ చుట్టి, చాయ్ తెప్పించాడు. మేము చాయ్ త్రాగినంతసేపూ కారును ఎవరూ ముట్టలేదు. చాయ్ కోసం ఆగినాడని మేము అప్పుడు భ్రమపడినాము.

ఇక బోల్టుల విషయం. దీనిని కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఎయిర్‌బ్యాగ్‌ను స్టీరింగ్ చక్రానికి బిగించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది బోల్టుల పద్ధతి. చక్రం వెనుక, కుడి ఎడమలకు రెండు రంధ్రాలుంటాయి. కొన్ని కార్లలో వాటిపై చిన్న ప్లాస్టిక్ మూతలుంటాయి. ఆ రంధ్రాల లోపల, ఆరు రేకుల పూవు వంటి గుంట కలిగిన బోల్టులు ఉంటాయి. వీటికి టార్క్స్ అని పేరు. మన షెడ్లలో స్టార్ అంటారు. రెండవది స్ప్రింగు పద్ధతి. ఇందులో బోల్టు అసలే ఉండదు. బలమైన తీగ స్ప్రింగు ఎయిర్‌బ్యాగ్ వెనుక ఉన్న కొక్కేలను పట్టుకొని ఉంటుంది. చక్రం వెనుకనో ప్రక్కనో ఉన్న రంధ్రంలో సన్నని కడ్డీ దూర్చి ఆ స్ప్రింగును నొక్కితే కొక్కెం వదులుతుంది. మన ఎదుట ఉన్నది ఏ పద్ధతి అని ముందుగా తెలుసుకోవడమే సగం పని. స్ప్రింగు ఉన్న కారులో బోల్టు కోసం వెదికి, కనపడక, చివరకు ముందువైపునుండి మూత అంచున పేచ్‌కస్ దూర్చి పెకలించేవారు ఉన్నారు. అది చాలా తప్పు. సంచి బయటకు వచ్చే వేళ చీలవలసిన చోట మూత వెనుక పలుచని గీతలు పోతపోసి ఉంటాయి. అక్కడ పగులు పడితే ఆపద వేళ మూత చీలవలసిన విధంగా చీలదు.

స్ప్రింగు పద్ధతిలో వచ్చే చిక్కు మరొకటి. ఒక ప్రక్క వదిలి రెండవ ప్రక్క నొక్కుతూ ఉండగా మొదటి ప్రక్క మళ్ళీ పట్టుకొంటుంది. ఒక వైపు వదిలినప్పుడు మూతను కొద్దిగా ఎడంచేసి, ఆ సందులో చుట్టిన గుడ్డనో ప్లాస్టిక్ ముక్కనో నిలిపితే ఇద్దరు మనుషులు చేసే పని ఒక్కరితో అవుతుంది.

బోల్టుల చిక్కులు ఇంతకంటే అనేకం. టార్క్స్ గుంటలకు కొలతలున్నవి. స్టీరింగ్‌లలో తరచుగా కనబడేది టీ 30. దానికంటే ఒక మెట్టు చిన్నదైన టీ 27 బిట్టు అందులో దూరుతుంది, కొంత పట్టుకొన్నట్లే ఉంటుంది, బలం పెట్టగానే జారి గుంట అంచులను కొరుకుతుంది. అలెన్ తాళంతో ప్రయత్నించేవారు చేసేదీ ఇదే. మా కారు బోల్టుకు జరిగినదీ ఇదే కావచ్చునని ఉస్తాదు అభిప్రాయం. కొన్ని బోల్టుల గుంట నడుమ ఒక సన్నని ముల్లు నిలబెట్టి ఉంటుంది. వాటికి నడుమ రంధ్రం కలిగిన బిట్టు కావలె. మామూలు బిట్టును దానిపై పెట్టి కొడితే ముల్లూ విరుగుతుంది, గుంటా పాడవుతుంది.

ఇంకొక చిక్కు చిక్కే కాదు, దానిని చిక్కని అనుకోవడమే చిక్కు. అనేక కార్లలో ఈ బోల్టులు పూర్తిగా బయటకు రావు. వాటి మెడ చుట్టూ ఒక గాడి ఉంటుంది. బోల్టు మరలన్నీ విడిపోయిన తరువాత ఆ గాడి చుట్టూ ఉన్న గూటికి తగులుకొని అది అక్కడే నిలిచిపోతుంది. క్రిందపడి పోకుండా ఉండుటకు చేసిన ఏర్పాటు ఇది. సంగతి తెలియనివాడు 'ఇంకా ఊడలేదు' అని త్రిప్పుతూనే ఉంటాడు, పటకారుతో లాగుతాడు. బోల్టు సునాయాసంగా తిరుగుతూ, మరి బయటకు రాకపోతే అది విడిపోయినట్లే. అప్పుడు మూతను నెమ్మదిగా ముందుకు లాగి చూడవలె.

పాత ఇనుములో నిజంగా బిగిసిన బోల్టుకు మన షెడ్లలో మూడు వైద్యాలున్నవి. వేడిచేయడం, కొట్టడం, నూనె పోయడం. ఈ మూడూ మరెక్కడనైనా మంచివే. ఇక్కడ మాత్రం మొదటి రెండూ ప్రమాదం, మూడవది వ్యర్థం. కారణం చెబుతాము. స్టీరింగ్ బోల్టు త్రుప్పుచేత బిగుసుకొనడం అరుదు. అది వదులు కాకుండా కంపెనీవారే మరలకు ఒకరకం జిగురు పూసి బిగిస్తారు. బిగించే బలం చూస్తే తక్కువే, ఎనిమిది నుండి పది న్యూటన్ మీటర్ల చుట్టుప్రక్కల. పట్టు అంతా జిగురుదే. ఆ జిగురులో గట్టి రకం మెత్తబడవలెనంటే 250 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి కావలె. ఎయిర్‌బ్యాగ్‌ను 93 డిగ్రీలకు మించిన వేడికి గురిచేయరాదని కొన్ని కంపెనీల పుస్తకాలు హెచ్చరిస్తున్నవి. కారు తగలబడినప్పుడు ఇన్‌ఫ్లేటర్ డబ్బీ ముక్కలై ఎగరకుండా ఉండుటకు, ఒక హద్దు దాటిన వేడికి లోపలి రసాయనం తనంతతానే మండే ఏర్పాటు కూడా అందులో ఉన్నది. ఆ హద్దు 200 డిగ్రీల లోపే. అనగా జిగురు కరగకముందే సంచి తెరుచుకొంటుంది. గ్యాసు మంటగాని, వేడిగాలి యంత్రంగాని దాని దగ్గరకు తేరాదన్న నియమానికి మూలం ఇదే. నూనె సంగతి వేరు. అది త్రుప్పులోకి దిగుతుందిగాని జిగురును కరిగించదు. పైగా కారి విద్యుత్ తీగల ముడులలో చేరుతుంది. సుత్తి దెబ్బకే ఎయిర్‌బ్యాగ్ పేలుతుందని చెప్పడం అతిశయోక్తి, ఎందుకంటే దెబ్బను కనిపెట్టే సాధనం సాధారణంగా వేరొకచోట ఉంటుంది. అయితే 1990 దశకంలో వచ్చిన కొన్ని కార్లలో ఆ సాధనం ఎయిర్‌బ్యాగ్ లోపలనే ఉండేది. కరెంటు లేకుండా కుదుపుకే మండేది. ఎదుట ఉన్నది ఏ రకమో తెలియనివాడు సుత్తి ఎత్తకపోవడమే తెలివి. తెలిసినవాడు ఎలాగూ ఎత్తడు.

మరి ఉస్తాదు ఏమి చేశాడు? బ్యాటరీ విప్పకముందే చక్రాన్ని పావు చుట్టు త్రిప్పుకొని ఉంటే మేలయ్యేదని కుర్రవానితో అని, తాళంచెవితో చక్రాన్ని విడిపించి, మొండి బోల్టు ఉన్న రంధ్రం తన కంటికి ఎదురుగా వచ్చేట్లు త్రిప్పాడు. సన్నని సూదితో బోల్టు గుంటలో పేరుకొన్న మట్టిని, లోహపు పొడిని త్రవ్వి తీశాడు. గుంట అడుగున ఒక మిల్లీమీటరు మట్టి ఉన్నా బిట్టు పూర్తిగా దిగదట. పిదప అరగని కొత్త టీ 30 బిట్టును నిలువుగా దింపి, అరచేతితో వెనుకనుండి గట్టిగా అదిమిపట్టి, వదులుచేసే వైపు కాక మొదట బిగించే వైపు వెంట్రుకవాసి త్రిప్పాడు. జిగురు పట్టు మొదట అటు తెగితే తరువాత ఇటు సులువుగా వస్తుందని అతని అనుభవం. రెండవసారి వదులు వైపు త్రిప్పగా, టిక్కుమన్న చిన్న చప్పుడుతో బోల్టు కదిలింది.

కదలకపోతే ఏమి చేసేవాడివని మేము అడిగినాము. ఎడమ మరలు కలిగిన, చేతితో త్రిప్పే ఎక్స్‌ట్రాక్టర్ ఒకటి ఉన్నదని, అది అరిగిన గుంట అంచులను కొరికి పట్టుకొంటుందని, దానితోనూ కాకపోతే కారును కంపెనీ వర్క్‌షాపుకు పంపేవాడినని చెప్పాడు. డ్రిల్లు పెట్టి బోల్టు తల కోసివేయవచ్చును గదా అన్నాడు కుర్రవాడు. డ్రిల్లు కొస ఎక్కడ ఆగుతుందో చూడలేని చోట డ్రిల్లు పెట్టరాదని ఉస్తాదు జవాబు. చక్రంతో సహా ఊడదీయవచ్చును గదా అని మేము అడిగినాము. చక్రాన్ని పట్టుకొన్న పెద్ద నట్టు ఎయిర్‌బ్యాగ్ క్రిందనే ఉంటుందని, దానిని తీయకుండా ఆ నట్టు కనబడనైనా కనబడదని విన్న తరువాత మేము మౌనం వహించినాము.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక ముచ్చట. బోల్టు మరలు అరిగిపోతే మన షెడ్లలో 'చూడీ మర్ గయీ' అంటారు. గాజు అనే అర్థం గల చూడీ శబ్దం మరకు పేరయింది. తెలుగులో మర అంటే యంత్రం, మర అంటే బోల్టు ఒంటిమీది చుట్టు కూడా. ఉర్దూ మాటలో 'మర్' అంటే చావు. ఈ మూడూ ఒక్క షెడ్డులో ఒకే పూట వినబడతాయి. 1917లో ఈ నగరంలోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడి విజ్ఞానశాస్త్రాలకు, ఇంజనీరింగుకు ఉర్దూలో పదాలు కూర్చింది. పానా, పేచ్‌కస్ వంటి పదాలు మాత్రం ఏ పండితుడూ కూర్చకుండానే తెలుగువారి నోళ్ళలో స్థిరపడినవి. స్క్విబ్‌కు మాత్రం ఏ భాషవారూ ఇంకా పేరు పెట్టినట్లు లేదు. పేరు లేని వస్తువుకు భయం కూడా ఉండదేమో.

బోల్టులు వదిలిన తరువాత పని అయిపోలేదు. మూతను ముందుకు తీసినప్పుడు వెనుక పసుపుపచ్చని తీగలు, పసుపుపచ్చని ముడి కనబడతాయి. కార్లలో ఎయిర్‌బ్యాగ్ తీగలకు ఆ రంగు వాడుక. ముడి పైనున్న చిన్న తాళపు ముక్కను ముందు పైకెత్తి, తరువాతనే ముడిని లాగవలె. ముడి విడిపోగానే స్క్విబ్ రెండు కొసలనూ కలిపివేసే సన్నని రేకు అందులో ఉంటుంది. మనిషి ఒంటిమీద పుట్టే స్థిరవిద్యుత్తు కూడా స్క్విబ్‌ను రెచ్చగొట్టకుండా ఉండుటకు ఆ రేకు. ముందుగా కారు లోహపు భాగాన్ని ఒకసారి ముట్టుకొని పని మొదలుపెట్టడం మంచిది. ఏ స్థితిలోనూ మల్టీమీటరు తీగలను స్క్విబ్‌కు తగిలించి పరీక్షించరాదు. తీసిన ఎయిర్‌బ్యాగ్‌ను మోసేటప్పుడు మెత్తని మూత వైపు శరీరానికి దూరంగా ఉండవలె. బల్లపై పెట్టేటప్పుడు ఆ వైపు పైకి ఉండవలె. బోర్లా పెట్టినది తెరుచుకొంటే ఆ లోహపు చట్రమంతా పైకి ఎగిరి తగులుతుంది. ఎండలో, వెల్డింగు జరిగే చోట ఉంచరాదు.

ఇంత జాగ్రత్త అవసరమా అని అనుకొనేవారికి తకాతా సంగతి చెప్పవలసి ఉన్నది. జపానుకు చెందిన తకాతా కంపెనీ తన ఇన్‌ఫ్లేటర్లలో చౌకగా దొరికే అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఎరువుగా కూడా వాడే ఈ పదార్థం వేడికి, చల్లదనానికి తన స్ఫటికాల రూపం మార్చుకొంటుంది, తేమను పీల్చుకొంటుంది. ఉక్కపోత గల ప్రాంతాలలో ఏళ్ళ తరబడి ఉన్న కార్లలో ఆ బిళ్ళలు గుల్లబారి, మండవలసిన దానికంటే వేగంగా మండి, డబ్బీని పగులగొట్టి లోహపు పెంకులను డ్రైవరు మీదికి విసిరినవి. అమెరికాలోనే 25 మందికి పైగా మరణించారు. అక్కడ దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనుకకు పిలిపించారు. 2017లో కంపెనీ నేరం ఒప్పుకొని, దివాలా తీసింది. మన దేశంలోనూ 2015 సెప్టెంబరులో హోండా సంస్థ 2 లక్షల 20 వేలకు పైగా కార్లను ఇదే కారణంచేత పిలిపించింది. ఆ పదార్థం స్వభావం మన నగరానికి తెలియనిది కాదు. 2020 ఆగస్టులో బేరూత్ రేవులో నిల్వ ఉన్న అమ్మోనియం నైట్రేట్ పేలి ఆ నగరాన్ని కుదిపివేసిన కొద్ది రోజులకే, చెన్నై సమీపంలోని మణలిలో నిల్వ ఉన్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను వేలంవేసి హైదరాబాదుకు తరలించారు. పత్రికలు చదివేవారికి జ్ఞాపకం ఉండవచ్చును.

ఈ కథలో మన ప్రస్తావనకు ముఖ్యమైన అంశం ఒకటున్నది. డ్రైవరు వైపు ఇన్‌ఫ్లేటరు మార్చవలెనంటే ప్రతి కారులోనూ ఈ బోల్టులో స్ప్రింగులో విప్పవలసినదే. కోట్ల సార్లు జరిగిన పని అది. పద్ధతి తెలిసిన చేతులలో అది కష్టమైన పని కాదు. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం లోపమున్న వాహనాలను వెనుకకు పిలిపించమని ఆజ్ఞాపించే అధికారం ప్రభుత్వానికి కలిగింది. పాత కారు కొన్నవారు దాని 17 అక్షరాల ఛాసిస్ సంఖ్యను కంపెనీవారికి చెప్పి, పిలుపు ఏదైనా పెండింగులో ఉన్నదేమో కనుక్కోవడం మంచిది. అటువంటి మరమ్మతుకు డబ్బు అడగరు. మేము కూడా ఆ పని చేసినాము; మా కారుకు ఏ పిలుపూ లేదు.

షెడ్లలో జరిగే మరొక పని గురించి మా అభిప్రాయం నిస్సంకోచంగా చెబుతాము. ఎర్రదీపం ఆరకపోతే కొందరు ఎయిర్‌బ్యాగ్ స్థానంలో రెండు ఓముల రెసిస్టరు పెట్టి కంట్రోల్ యూనిట్‌ను మోసగిస్తారు. స్క్విబ్ నిరోధం కూడా ఇంచుమించు అంతే కనుక దీపం ఆరిపోతుంది. కారు యజమాని తన ఎదుట ఎయిర్‌బ్యాగ్ ఉన్నదని నమ్ముకొని పిల్లలతో ప్రయాణం చేస్తాడు. డబ్బు తక్కువయిందని చేసే పనే అయినా ఇది దొంగతనం కంటే తక్కువది కాదు. అలాగే తీసివేసిన పాత ఎయిర్‌బ్యాగ్‌లను తుక్కు ఇనుముతో కలిపి గ్యాసు కట్టరు క్రిందికి పంపడం కూడా మానవలె.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక విన్నపం. షెడ్లలో పనిచేస్తున్న మా విద్యార్థుల పేర్లు సేకరించినాము; మేము అనుకొన్నదానికంటే ఎక్కువ మందే ఉన్నారు. వారి కోసం ఏడాదికి ఒకరోజు, తెలిసిన ఉస్తాదును, కంపెనీ వర్క్‌షాపు మనిషిని పిలిపించి పాఠం చెప్పించగలిగితే ఎంతో మేలు. మంచి టార్క్స్ బిట్ల పెట్టె ఒకటి, ఎక్స్‌ట్రాక్టర్ల జత ఒకటి కొని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచితే, పిల్లలు సంతకం పెట్టి తీసుకొనిపోవచ్చును. గ్రంథాలయానికి పుస్తకాలు కొన్నట్లే ఇదీను.

మా కారు సంగతి చెప్పి విరమిస్తాము. హారన్ మూగబోవడానికి, దీపం వెలగడానికి కారణం ఒక్కటే. స్టీరింగ్‌తో పాటు చుట్టుకొంటూ విప్పుకొంటూ ఉండే క్లాక్ స్ప్రింగ్ అనే పట్టీ లోపల తెగింది. ఉస్తాదు చక్రాన్ని నిటారుకు తెచ్చి, కొత్తదానిని నడిమి గుర్తుకు సరిచూసి అమర్చి, అరిగిన బోల్టులను పారవేసి కొత్త బోల్టులు వేసి, కొలత చూపే పానాతో బిగించాడు. పసుపుపచ్చని ముడి తాళం వేసినదీ లేనిదీ కుర్రవానిచేత రెండుసార్లు చూపించాడు. తరువాత కారులో ఎవరినీ కూర్చోనివ్వకుండా బ్యాటరీ తీగ తగిలించి, తలుపు బయట నిలబడి, చేయి మాత్రం చాచి తాళంచెవి త్రిప్పాడు. ఎర్రదీపం వెలిగింది. ఆరు సెకన్లు లెక్కపెట్టినాము. ఆరిపోయింది. అప్పుడు మా విద్యార్థి సీటులో కూర్చొని హారన్ నొక్కాడు. అరగంట అన్న పనికి మూడు గంటలు పట్టింది. మరునాటి పరీక్షకు చదువుకోవలసి ఉన్నదని అతను చేతులు కడుక్కొని బస్సుకు పరుగెత్తాడు.